వీడియో ముందు ఎవరు చూడాలి?

యూట్యూబ్‌లో కొత్తగూడ అని కొట్టండి. హైదరాబాద్‌లో కొండాపూర్ పక్కనున్న కొత్తగూడ వస్తుంది. 2023 జనవరి 1న తెరిచిన ఫ్లైఓవర్, చుట్టూ అపార్ట్‌మెంట్లు, వాటి అద్దెలు. లేదంటే కొత్తగూడెం బొగ్గు బాయిలు ముందుకొస్తాయి. పాకాల అడవి దాటినాక వచ్చే మన కొత్తగూడ కావాలంటే మహబూబాబాద్ జిల్లా అని కూడా చేర్చి కొంత ఓపిక పట్టాలి. అందుకే మా దిక్కు పిల్లలు ఫోన్లు పట్టుకొని తిరుగుతుంటే నాకు ముచ్చటేస్తుంది. గుంజేడు ముసలమ్మ జాతర, తండాల్లో తీజ్, వానాకాలం రోడ్డు మీదికొచ్చే వాగు... ఎవరో వచ్చి తీసేదాకా ఆగకుండా వాళ్లే తీస్తున్నారు. వాళ్లను చూసి ఈ మధ్య నేనూ మొదలుపెట్టాను. నడివయసులో కొత్త విద్య పట్టడంలో ఒక సుఖముంది. మన నుంచి ఎవరూ ఎక్కువ ఆశించరు.

నేర్పేవాళ్లకు కొదవ లేదు. కైన్‌మాస్టర్ యాప్‌లో ఎట్లా కత్తిరించాలి, పాట ఎక్కడ తగిలించాలి, థంబ్‌నెయిల్ మీద ఎర్ర బాణం ఎటు తిప్పాలి, అన్నింటికీ వీడియోలున్నాయి. మొదటి మూడు సెకన్లలో చూసేవాణ్ని పట్టేయాలంటారు. సరే. కానీ తీసింది ముందు ఎవరు చూడాలో మాత్రం చెప్పరు. అందులో ఉన్న మనిషే ముందు చూడాలని నా మాట. అప్‌లోడ్ ఆ తర్వాతి సంగతి.

ఎండాకాలం తునికాకు పనప్పుడు ఒక అవ్వ దగ్గర కూర్చున్నాను. పొద్దు పొడవకముందే అడవికి పోయి ఆకు తెచ్చి, వేపచెట్టు నీడలో కాళ్లు చాపుకొని కట్టలు కడుతున్నది. కట్టకు 50 ఆకులు. నోటితో లెక్కపెట్టదు, లెక్కంతా వేళ్లలోనే. ఆకు మీద ఆకు పేర్చి, తొడిమెలన్నీ ఒకే దిక్కుకు తిప్పి, నారతో బిగించి, కొస లోపలికి దోపి పక్కకు వేస్తుంది. నేను ఆ చేతులనే తీశాను. అక్కడే ఫోన్ ఆమె ముందు పెట్టి చూపించాను. ఒకసారి చూసి, ఇంకోసారి పెట్టమన్నది. "చేతులు మంచిగనే వచ్చినయ్ బిడ్డా. కల్లం కాడ ఆకు చిన్నగుందని కట్ట పక్కకు పడేస్తరు గదా, అది తియ్యవా?" అన్నది. ఆకు కొనే ఆ కల్లం కాడికి ఆమె వెంటే పోయాను. ఎండలో వరుసలు వరుసలుగా పరిచిన కట్టలు, వాటికి దూరంగా పక్కకు పడ్డ కట్టలు, వాటిని మళ్లీ ఏరుకుంటున్న ఆడవాళ్లు. ఆ వీడియోలో సగం నాది, సగం ఆమెది. చూపించకపోతే రెండో సగం వచ్చేదే కాదు.

ఇట్లా జనంతో కలిసి తీయడం నేను కనిపెట్టిన పద్ధతేమీ కాదు. జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు 1990లలోనే వీడియో కెమెరా పట్టారు. చాలామందికి చదువు రాదు. బటన్ల మీది గుర్తులు పట్టుకొని పని నేర్చుకున్నారు. 2001లో కమ్యూనిటీ మీడియా ట్రస్ట్ పెట్టుకున్నారు. వెనకుండి నడిపించిన పి.వి. సతీష్ అంతకుముందు దూరదర్శన్‌లో పనిచేసిన మనిషి, 2023 మార్చిలో కన్నుమూశారు. ఆ మహిళలు కెమెరా ఎత్తును తమ బతుకులోంచే అర్థం చేసుకున్నారు. పైనుంచి కిందికి చూస్తే అది పటేల్ షాట్. కిందినుంచి పైకి చూస్తే బానిస చూపు. సంఘంలో అందరూ నేలమీద ఒకరి కళ్లకు సమంగా ఒకరు కూర్చుంటారు కాబట్టి, కళ్ల ఎత్తున తీసింది సంఘం షాట్. సినిమా బడిలో ఎన్ని పాఠాలు చెప్పినా ఇంత సూటిగా ఎక్కదు. నేనిప్పుడు గడపలో కూర్చున్న మనిషిని తీయాలంటే ముందు నేనూ కింద కూర్చుంటాను. మోకాళ్లు మొరాయిస్తాయి, అది వేరే సంగతి.

ఆ మహిళలే మన ఉమ్మడి వరంగల్ జిల్లాకూ వచ్చారు. బీటీ పత్తికి దేశంలో అనుమతి వచ్చింది 2002లో. ఆ మొదటి సీజన్ పొడవునా రైతుల చేలకు మళ్లీ మళ్లీ పోయి, మొలక నుంచి పత్తి ఏరేదాకా తీసి, వరంగల్ రైతులకు బీటీ పత్తి మీద ఎందుకు కోపమొచ్చిందో 2003లో సినిమాగా చూపించారు. ఒక్కసారి పోయి వస్తే రైతు ఆశ ఒక్కటే దొరుకుతుంది. పంటకాలమంతా పోతే లెక్క దొరుకుతుంది. కొత్తగా తీసేవాళ్లు పట్టుకోవాల్సింది ఇదే. వంద చోట్లకు పోవద్దు, ఒక్క చోటికే పోతూ ఉండండి.

తీసినదాంట్లో ఉన్నవాళ్లకే ముందు చూపించడమన్నది ఇంకా పాతది. 1967లో కెనడాలో ఫోగో అనే దీవిలో చేపలు పట్టుకొని బతికే జనాన్ని ఊళ్లు ఖాళీ చేసి పొమ్మనే ఒత్తిడి ఉండేది. కోలిన్ లో అనే దర్శకుడు అక్కడికి పోయి పాతికకు పైగా చిన్న చిన్న ఫిల్ములు తీశాడు. వాటిని ముందు ఆ దీవి జనానికే వేసి చూపించారు. ఒక ఊరివాళ్లు చెప్పుకున్నది పక్క ఊరివాళ్లు తెరమీద చూసి, మన గోసా ఇదే గదా అనుకున్నారు. పాలకులకు చూపించింది ఆ తర్వాతే. దీవి జనం సహకార సంఘం పెట్టుకొని అక్కడే నిలబడ్డారు. ఫిల్మే అంతా చేసిందని నేననను. కానీ నలుగురినీ ఒకచోట కూర్చోబెట్టింది.

మనకు తెర కూడా అక్కర్లేదు. ఎవరింట్లోనో టీవీకి పెన్‌డ్రైవ్ పెడితే సాయంత్రానికి వాడంతా వస్తుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపితే బొమ్మ మసకబారుతుంది, డాక్యుమెంట్‌గా పంపండి. డీజే పాట తగిలిస్తే కాపీరైట్ క్లెయిమ్ వస్తుంది, పైగా మనిషి గొంతు మునిగిపోతుంది. బొమ్మ కొంచెం అటూఇటూ ఊగినా జనం ఓర్చుకుంటారు, మాట వినపడకపోతే ఓర్చుకోరు. గాలికి వీపు పెట్టి, ఫోన్ దగ్గరగా పట్టండి చాలు. మాట్లాడేది కోయలో అయితే కోయలోనే ఉంచి కింద తెలుగు అక్షరాలు వేయండి. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో 2012లో మొదలైన మై విలేజ్ షో అనే యూట్యూబ్ చానెల్ ఊరి యాసను దిద్దకుండానే, కూలికి పోయే గంగవ్వను ఇంటింటికీ చేర్చింది. మన యాసకు సిగ్గుపడాల్సిన పని లేదు.

కెమెరా దించాల్సిన చోట్లు కూడా ఉంటాయి. ఒకప్పుడు కొత్తగూడ మండలంలోనే ఉండి ఇప్పుడు గంగారంలోకి పోయిన పూనుగొండ్ల నుంచి పెనక వంశం వాళ్లు తమ వేల్పు పగిడిద్దరాజును కాలినడకన మేడారం జాతరకు తీసుకుపోతారు. ఆ నడకను తీయొచ్చు, డోలీల మోతను తీయొచ్చు. గుడి లోపల వడ్డెలు, అంటే కోయ పూజారులు, చేసుకునే తంతు తీయొచ్చా అన్నది వాళ్లు చెప్పాలి. వద్దంటే వద్దు. వ్యూస్ రావచ్చేమో గానీ, మరుసటేడు ఆ వాడలోకి ఏ ముఖం పెట్టుకొని పోతాం?

చివరగా ఒక విన్నపం. కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024లో ఆయన పోయారు. బొమ్మల గుడ్డ పడిగె పరిచి గంటల తరబడి వంశాల కథ చెప్పగలిగినవాళ్లు ఇంక కొద్దిమందే. అలాంటి పెద్దమనిషి మీకు దొరికితే రీల్ కోసం నిమిషం ముక్క కోసుకోండి, తప్పులేదు. కానీ ఫోన్ నిండిందని అసలు ఫైలు చెరపకండి. మొత్తం రికార్డింగ్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసి ముందుగా ఆ ఇంటివాళ్లకే ఇవ్వండి. మీ చానెల్ ఆ తర్వాత చూసుకోవచ్చు.