ముత్యాలసరములలోని తోకచుక్క

గురజాడ అప్పారావుగారి 'ముత్యాలసరములు' అను ఖండకావ్యము 1910వ సంవత్సరమున ఆంధ్రభారతియందుఁ బ్రకటింపఁబడినది. ఆ వత్సరముననే హాలీ తోకచుక్క యాకసమునఁ గానవచ్చెను. ఈ కావ్యముయొక్క ఛందస్సును గుఱించి పండితులలో విస్తారముగాఁ జర్చ జరిగినది. పదునాలుగేసి మాత్రల పాదములు మూఁడును, వానివెంట కుఱుచయైన నాలవ పాదమును గల యీ సరము దేశిగీతములనుండి పుట్టినదో, పారసీకుల గజలుచ్ఛాయ యిందుఁ గలదో యను వాదము తెగినను తెగకున్నను కావ్యార్థమునకుఁ గలుగు లాభము స్వల్పము. ఇందలి యాశ యెట్టిది యనుట మాత్రము విచారింపఁదగిన విషయము. ఆ విచారముమీఁదనే యీ కావ్యము నిలుచుటయో, పడుటయో యున్నది.

కథ చిన్నది. తూర్పు తెల్లవాఱుచున్నది. వేగుచుక్కతోపాటు తోకచుక్కయు నాకాశమున నున్నది. భర్త యిల్లాలితోడ సంభాషించుచు, లోకము వెఱచుచున్న యా చుక్కను భూమికి దూరపుఁ జుట్టమని పరిచయము చేయును. దానిని సంఘసంస్కరణ ప్రయాణమునకుఁ బతాకగా భావించును. పట్టణమున నానాజాతులవా రొక్కపంక్తిని భుజించిన ప్రసంగము వచ్చును. లోకమంతయు నొక్క యిల్లగు ననియు, వర్ణభేదములు కల్ల యగు ననియు, మతములు సమసి జ్ఞాన మొక్కటియే నిలుచు ననియు నాతఁడు పలుకును.

ఇది కేవలము తీయని కల యనువారు కలరు. వారి వాదమున బలము లేకపోలేదు. కావ్యము వెలువడిన నాలుగేండ్లకే, 1914లో, ఐరోపాఖండమున మహాయుద్ధము చెలరేఁగెను. కవి 1915వ సంవత్సరము నవంబరులోఁ గీర్తిశేషుఁ డయ్యెను. ఒక్క యిల్లు కావలసిన లోకము రెండు సేనలుగాఁ జీలుట నాతఁడు కన్నులారఁ జూచియే పోయెను. అటుపిమ్మటి చరిత్రయు నందఱు నెఱిఁగినదే. ఇట్లుండఁగా, నీ పలుకులకు విలువ యేమి యని యడుగుట న్యాయమే.

కాని యీ యాక్షేపము కావ్యమును జోస్యముగాఁ జదివినవారికి మాత్రమే చెల్లును. తెలుఁగుదేశమున భవిష్యత్తును గుఱించి పలుకు తెఱఁగులు రెండు బహుకాలమునుండి పరిచితములు. ఒకటి కాలజ్ఞానము, రెండవది యాశీస్సు. పోతులూరి వీరబ్రహ్మముగారి పేర వెలసిన కాలజ్ఞానమును వినువాఁడు రాఁబోవు నుత్పాతములకు వెఱచునే కాని, వానినిఁ దప్పింపఁ బూనఁడు. కావ్యాంతమునఁ గవి చెప్పు మంగళాశంసను వినువాఁడు సంతసించి, తాంబూలము వేసికొని యింటికిఁ బోవును. రెండింటను శ్రోతకుఁ జేయవలసిన పని లేదు. ముత్యాలసరములలోని పలుకు ఈ రెండింటఁ జేరదు.

అది చేరవలసిన చోటు నాటకలక్షణమునఁ గలదు. రసప్రకరణమున వెదకినచో నాశ దొరకదు. ముప్పదిమూఁడు వ్యభిచారిభావములలో ధృతి కలదు, ఔత్సుక్యము కలదు, ఆశ లేదు. కాని కార్యావస్థ లైదింటిలో మూఁడవది ప్రాప్త్యాశ. ఆరంభము, యత్నము, ప్రాప్త్యాశ, నియతాప్తి, ఫలాగమము అను క్రమము దశరూపకమును, ప్రతాపరుద్రీయ నాటకప్రకరణమును జదివిన విద్యార్థు లందఱకుఁ గంఠస్థము. కంఠస్థమగుటచేతనే కాఁబోలు, దాని యర్థమును గుఱించి యెవ్వరు నంతగా నాలోచింపరు. లాక్షణికులు ఆశను యత్నమునకు ముందు నిలుపలేదు, తరువాత నిలిపిరి. ఆశ కలిగినందునఁ బని చేయుట కాదు. పని మొదలిడినవానికే యాశపడు నధికారము కలుగును. అంతియ కాదు. దాని లక్షణము చెప్పునపుడు ధనంజయుఁ డుపాయముతోపాటు అపాయశంకనుగూడఁ జేర్చినాఁడు. ఫలము లభింపవచ్చునను తలంపును, చెడిపోవు నేమో యను బెదరును గూడియున్న దశయే ప్రాప్త్యాశ. రత్నావళి మూఁడవ యంకమున మాఱువేషముతోడి యభిసరణ ముపాయము. వాసవదత్త వచ్చిపడు నేమో యనునది యపాయశంక. బెదరు తొలఁగినచో నది నియతాప్తి యగును గాని, యాశ కానేరదు.

ఈ లక్షణముతో ముత్యాలసరములను బరికింపవలెను. భర్త మాటలాడు వేకువకు ముందే సహపంక్తి భోజనము జరిగియున్నది. అది చిన్న పని. కొందఱు కలసి యొకపూఁట భుజించుట. ఆనాఁటి సంఘమున నది చిన్నది కాదనుటయు నిజమే. పంక్తిబాహ్యుఁడైనవాని యింటికిఁ బురోహితుఁడు రాఁడు, పిల్లకు సంబంధము కుదురదు. యత్న మచట నున్నది. ఇఁక నపాయశంక. అది కావ్యముఖముననే కలదు. నీవు మెచ్చనందువు, మెచ్చకున్న మానె నను నర్థము గల చరణముతోఁ గవి యెదుటివారి తిరస్కారమును ముందుగనే యొప్పుకొనినాఁడు. ఈ మాట ఛందస్సును, భాషను గుఱించియే యని కొందఱు చెప్పుదురు. ఛందస్సును మెచ్చనివారును, పంక్తిభోజనమును మెచ్చనివారును పెక్కుచోట్ల నొక్కరే యైనందున, ఆ విభాగము పనికిరాదు. పైపెచ్చు కవి సభను వదలి యింటిలోనికి వచ్చినాఁడు. వేదికమీఁద సంస్కరణము పలుకుట సుకరము. ఇల్లాలి యెదుటఁ బలికి యొప్పించుట దుష్కరము. వీరేశలింగముగారి కాలమునుండి యెందఱి సంస్కరణోత్సాహము గడపకడనే నిలిచిపోయెనో చెప్పనక్కఱలేదు.

మఱి తోకచుక్క యేల? ధూమకేతువు నుత్పాతముగాఁ దలంచు లోకమున, దానిని శుభమనుటయే కవి ప్రతిభ యని సామాన్యముగాఁ జెప్పుదురు. అది పూర్తిగా సరి కాదు. వరాహమిహిరుని బృహత్సంహితయందలి కేతుచారమున శుభకేతువులును గలవు. కుముదకేతువు పదేండ్లు సుభిక్ష మిచ్చునని యందుఁ జెప్పఁబడినది. కాని యచట శుభమైనను, అశుభమైనను ఇచ్చునది చుక్క, పుచ్చుకొనువాఁడు మనుష్యుఁడు. అప్పారావుగారి చుక్క యేమియు నీయదు. పతాక నడువదు, నడిపింపదు. నడచువారి చేతులలో నుండును. చిత్ర మేమనఁగా, నాటకశాస్త్రమున గర్భసంధికి బతాకాప్రాప్త్యాశల సంబంధము చెప్పఁబడియు, బతాక యున్నను లేకున్నను బ్రాప్త్యాశ మాత్ర ముండితీరవలెనని ధనంజయుఁడు నియమించెను. కవి దీని నుద్దేశించెనని సాధింపఁబూనుట సాహసము. కాని కావ్యమున జరిగినది మాత్ర మిదియే. ఆ వత్సరము చుక్క రాకపోయినను భోజనము జరిగియుండును, మాట సాగియుండును.

ఆ చుక్క చరిత్రమును గమనింపఁదగినదే. 1531, 1607, 1682 సంవత్సరములలోఁ గనఁబడినది యొక్క తోకచుక్కయే యని గుర్తించి, యెడ్మండు హాలీ 1705లో దానిఁ బ్రకటించెను. అది 1758లో మరల వచ్చునని గణించెను. ఆతఁడు 1742లో మృతినొందెను. 1758వ సంవత్సరము చివరి దినములలోఁ జుక్క కానవచ్చెను. లెక్క వేసినవాఁడు ఫలమును జూడలేదు.

ఇందు లోపము లేదని కాదు. పురాణగాథలను వెఱ్ఱివి యని త్రోసి, యాంగ్లేయుల విద్యవలన సత్యము నెఱిఁగితినని చెప్పుచోటఁ గావ్య మొకింత తేలిపోయినది. 1910వ సంవత్సరము మే నెలలో భూమి యా చుక్క తోఁకగుండ సాగు నన్నపుడు, అందు విషవాయువు కలదని తెలిసి, యా విద్యలకుఁ బుట్టిండ్లయిన ఐరోపా, అమెరికా దేశములలోనే జనులు తలుపుల సందులు మూసికొనిరి. తోకచుక్క మాత్రలని యమ్మినవారును, గొని మ్రింగినవారును గలరు. భయము పురాణములు చదివినవారి సొత్తు మాత్రమే కాదు. విద్య యుపాయము కాఁగలదు. దానిని నియతాప్తిగా భావించినచోటఁ గవి తన యాశనుండి తానే తొలఁగెను. 1914లోని యుద్ధము గాయపఱచినది కావ్యమునందలి యీ భాగమునే.

కడపటి యాశంసను మాత్రము విడఁదీసి బాలురచేఁ గంఠస్థము చేయించు బోధకుఁడు దీనిని మరల మంగళశ్లోకముగా మార్చుచున్నాఁడు. భోజనప్రసంగమును, మెచ్చనివారి ప్రస్తావనమును గూడఁ జదివింపవలెను. ఆ విందున నెవరెవరు కూర్చుండిరి, ఎవరు కూర్చుండలే దని బాలు రడుగుదురు. అడుగనిండు. 1986లోఁ జుక్క మరల వచ్చినపుడు భూమికి మిక్కిలి దూరమునఁ బోయినందునఁ బలువురకుఁ గంటి కానలేదు. తరువాతి రాక 2061లో.