రెండు కొండల నడుమ 57 అడుగులు

కంభం చెరువును ఫొటోల్లో మాత్రమే చూసినవాళ్లకు దాని కట్ట ఎలా ఉంటుందో తెలియదు. నల్లమల వెనక్కి దిగే పొద్దు తెలుసు, నీళ్ల మీద పరుచుకున్న ఎరుపు తెలుసు, తెప్ప మీద నల్లగా కనిపించే మనిషి తెలుసు. ఇన్ని వందల ఏళ్లుగా ఆ నీటిని ఆపుతున్న కట్ట మాత్రం ఫ్రేములోకి రాదు. చాలాసార్లు అది ఫొటో తీస్తున్నవాడి కాళ్ల కిందే ఉంటుంది.

తీరంలోని ఊళ్లను ఫొటో తీయడానికి మనకు అలవాటైన పద్ధతి ఒకటుంది. రాజమండ్రిలో గోదావరి, పైన హేవలాక్ వంతెన. హైదరాబాద్‌లో మూసీ, ఒడ్డున హైకోర్టు, ఎదురుగా ఉస్మానియా ఆసుపత్రి. అక్కడ నీరు ముందుంటుంది, కట్టడం వెనకుంటుంది, రెంటినీ కలిపితే బొమ్మ అయిపోతుంది. పశ్చిమ ప్రకాశంలో ఆ పద్ధతి చెల్లదు. మార్కాపురం, గిద్దలూరు వాళ్లకు ఒడ్డు అని చెప్పుకోవడానికి ఉన్నది కంభం కట్టే. అక్కడ నీటి పక్కన భవంతులేమీ లేవు. నీటిని నిలబెట్టిందే కట్టడం. దాన్ని చూపించడానికి కెమెరా కొంచెం కష్టపడాలి.

గుండ్లకమ్మ నల్లమలలో గుండ్ల బ్రహ్మేశ్వరం దగ్గర పుట్టి, కొండల నీళ్లన్నీ పోగేసుకుని కంభం దగ్గరికి వస్తుంది. అక్కడ రెండు కొండల మధ్య గండి. ఆ గండికి అడ్డంగా వేసిన కట్ట ఎత్తు 57 అడుగులు. పాత ఇంపీరియల్ గెజెటీర్ లెక్క ప్రకారం దాని వెనక పరీవాహక ప్రాంతం 430 చదరపు మైళ్లు, నిండితే నీరు పరుచుకునేది సుమారు 15 చదరపు మైళ్లు. ఈ మూడు అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే పనితనం ఎక్కడుందో అర్థమవుతుంది. తక్కువ గోడతో ఎక్కువ నీరు. దీన్ని గజపతుల ఆడబిడ్డ, కృష్ణదేవరాయల భార్య వరదరాజమ్మ కట్టించిందని ఆ ప్రాంతమంతా చెప్పుకుంటారు. రాయలు ఏలింది 1509 నుంచి 1529 వరకు. రాళ్లు మోసినవాళ్ల పేర్లు ఎవరూ చెప్పుకోరు.

ఆ చోటును ఎంచుకున్న కంటికి ముందుగా దణ్ణం పెట్టాలి. అలాంటి కన్ను అంతకు ముందే ఎంత శాస్త్రీయంగా పనిచేసేదో తెలుసుకోవాలంటే గిద్దలూరుకు దక్షిణాన, కడప జిల్లాలోని పోరుమామిళ్లకు వెళ్లాలి. మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు అక్కడ తవ్వించిన చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను అది లెక్కపెట్టి చెబుతుంది. కొండను ఆనుకుని ఉండాలి, కట్ట మరీ పొడుగు కాకుండా గట్టిగా ఉండాలి, నీటి గర్భం లోతుగా విశాలంగా ఉండాలి, తిన్నని నిడుపాటి రాళ్లు దొరికే గని చేరువలో ఉండాలి, పని తెలిసిన మనుషులు ఉండాలి. కట్ట ఊట కారడం, చవుడు నేల, రెండు రాజ్యాల పొలిమేర కావడం, ఇవన్నీ దోషాలు. (ఆ చివరి దోషం రాసినవాడు ఇంజనీరే కాదు, లోకం కూడా తెలిసినవాడు.) కంభంలో ఏం ఫొటో తీయాలి అని ఎవరైనా అడిగితే నేను ఈ చిట్టానే చేతిలో పెడతాను. కొండ, కట్ట, గర్భం, రాయి. అంతర్జాతీయ నీటిపారుదల సంఘం 2020లో కంభం, పోరుమామిళ్ల చెరువులు రెంటినీ ఒకే విడతలో వారసత్వ కట్టడాలుగా గుర్తించింది. ఆ జోడింపు నాకు చాలా నచ్చింది.

ఇక కెమెరా సంగతి. కట్ట మీద నిలబడి వైడ్ లెన్సు పెడితే నీరు సముద్రమంత అవుతుంది, కొండలు పుట్టల్లా కుంగిపోతాయి. కొండలు కుంగితే గండి లేదు, గండి లేకపోతే కథే లేదు. అందుకే కట్టను వదిలి దూరంగా, ఒక పక్క కొండ భుజం మీదికి పోవాలి. అక్కడి నుంచి 100 మిల్లీమీటర్లకు పైబడిన లెన్సుతో చూస్తే వెనక నల్లమల ముందుకు జరిగి వస్తుంది, రెండు కొండలూ కట్టను చెరో వైపు పట్టుకున్నట్టు కనిపిస్తాయి. డ్రోను ఈ పనికి పనికిరాదని నా అభిప్రాయం. పైనుంచి నిట్టనిలువుగా చూస్తే చెరువు పటంలా బాగుంటుంది గాని 57 అడుగుల ఎత్తు గీతైపోతుంది.

ఆ ఎత్తు ఎందుకు ముఖ్యమంటే, 50 అడుగుల లోతు నీరు నిలిచినచోట అడుగున ప్రతి చదరపు మీటరు మీద సుమారు 15 టన్నుల ఒత్తిడి పడుతుంది. లోతుకు పోయేకొద్దీ అది పెరుగుతుంది కాబట్టి కట్ట కూడా కిందికి పోయేకొద్దీ వెడల్పు కావాలి. మట్టి బరువే అక్కడ బలం. మరి రాయి దేనికంటే, అలల కోసం. నీరు మైళ్ల దూరం పరుచుకుని ఉంటే గాలి దాన్ని తోసుకుంటూ వచ్చి కట్టకే కొడుతుంది. ఆ దెబ్బ నేరుగా మట్టికి తగిలితే కట్ట ఎన్నాళ్లో నిలవదు. అందుకే లోపలి వాలు మీద రాతి కట్టుబడి. కట్ట పొడుగునా ఒక చివర నుంచి చూస్తే ఆ వాలు, మట్టి మందం రెండూ ఒకే ఫ్రేములో పడతాయి. ఇంజనీరు గీసే అడ్డకోత బొమ్మకు అంతకన్నా దగ్గరైన ఫొటో లేదు.

రాతి కట్టుబడిని తీయడానికి సరైన రోజులు మాత్రం రైతుకు చెడ్డ రోజులు. చెరువు నిండితే జనం చూడ్డానికి వస్తారు, కాని రాళ్లు నీటి కిందే ఉంటాయి. వానలు మొహం చాటేసిన ఏడాది, ఎండాకాలంలో నీరు వెనక్కి తగ్గినప్పుడే వరస వెంట వరస బయటపడుతుంది. రాళ్ల మీద పాత నీటిమట్టాల చారలు కూడా కనిపిస్తాయి. అప్పుడు పొద్దు వాలుగా, రాళ్లను రాసుకుంటూ పడే వేళ చూసుకోవాలి. ఏ రాయి ముందుకు వచ్చింది, ఏది లోపలికి ఉంది, సందులో చిన్న రాయిని ఎలా ఇరికించారు అన్నది నీడలు చెబుతాయి. నడినెత్తిన ఎండ ఉంటే అదే చోటు చదునైన బూడిద రంగు బండ. నీటి అంచున కొంచెం మునిగిన వరసలు కావాలంటే పోలరైజర్ ఫిల్టరు పెట్టి, పొద్దు భుజం పక్కన ఉండేలా నిలబడాలి. మెరుపు తగ్గి అడుగు కనిపిస్తుంది. ఫిల్టరును పూర్తిగా తిప్పేస్తే కొండల ప్రతిబింబం కూడా పోతుంది, ఎక్కడ ఆపాలో కన్నే చెప్పాలి.

కొలత కోసం ఫ్రేములో ఒక మనిషి ఉండాలి. కెమెరా వెనకున్న మనిషి చూపు కూడా అంతే ముఖ్యం. హైదరాబాద్ ఆరో నిజాం కొలువులో పేరు తెచ్చుకున్న రాజా దీన్‌దయాళ్ ఫొటోగ్రాఫర్ కాకముందు రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్ శాఖలో పనిచేశాడు. కట్టడాల ముందు ఆయన నిలబడిన చోటు చూస్తే ఆ చదువు తెలిసిపోతుంది: గోడ ఎక్కడ బరువు మోస్తోందో అక్కడికే చూపు పోతుంది. కంభానికి అలాంటి చూపు కావాలి.

ఎక్స్‌పోజరుకు స్థానిక చిట్కా ఒకటి. నీళ్ల మెరుపుకు కెమెరా మీటరు మోసపోయి రాళ్లను నల్లగా చేస్తుంది. మార్కాపురం పలక ఒకటి సంచిలో పెట్టుకుని, ఎండలో దాని మీద మీటరు చూసుకుంటే సరి. పలక స్టూడియో గ్రే కార్డు కన్నా ముదురు కాబట్టి ఆ తేడా ఒకసారి లెక్కగట్టి గుర్తుంచుకోవాలి. దేశమంతా బడిపిల్లలు రాసుకున్న పలకకు ఈ కాలంలో ఇదైనా పని దొరికినట్టే.

మార్కాపురం వెళ్లినప్పుడు చెన్నకేశవస్వామి గోపురాన్ని వదలకూడదు. కాని అక్కడి చిక్కు వేరు. వీధిలో నిలబడి కెమెరాను పైకెత్తితే గోపురం వెనక్కి వాలిపోతుంది. ఏదైనా మేడ మీదికి వెళ్లనిమ్మని అడిగి, సగం ఎత్తు నుంచి కెమెరాను మట్టసంగా పెడితే అంతస్తులు తిన్నగా నిలుస్తాయి. లోపల మండపం స్తంభాలకు ఫ్లాషు వద్దు, పక్క నుంచి వచ్చే వెలుతురే శిల్పాన్ని బయటికి తెస్తుంది. గోపురం తనను చూడమని పిలుస్తుంది కాబట్టి దాని గురించి ఇంతకన్నా చెప్పనక్కర్లేదు. కట్ట అలా పిలవదు.

కంభంలో నేను ముందుగా కోరేది నీటికి వీపు పెట్టి తీసిన ఫొటో. కట్ట దిగువన తూము నుంచి కాలువ, కాలువ నుంచి పొలం. చెరువు కింద నేరుగా తడిసే భూమి సుమారు 10,300 ఎకరాలని పాత లెక్క. ఆ తర్వాత కొండ భుజం మీద నుంచి ఫ్రేమును కట్టతో రెండుగా చీల్చి, ఒక పక్క నీటిని, మరో పక్క వరిని పెడితే నీటిమట్టం పొలాల కన్నా ఎంత పైన ఉందో తెలుస్తుంది. నాట్లు పడ్డాక తూము వదిలిన రోజుల్లో తీస్తే కాలువ గీత కూడా ఫొటోలో పడుతుంది. చెరువు ఎండిన ఏడాది అదే చోట, అదే లెన్సుతో ఇంకొకటి తీసి పక్కన పెట్టాలి.