మెమరీ చాలలేదంటే, ఏ మెమరీ?

ఒకే క్వెరీని డేటాబేస్ పలు వర్కర్లకు పంచి నడిపేటప్పుడు వచ్చే మెమరీ ఎర్రర్లకు ర్యామ్ కొరతకన్నా తప్పుడు లెక్కే ఎక్కువగా కారణమవుతుంది.

గోదావరిఖని గనుల్లో ఏటా తేల్చాల్సిన హాజరు లెక్క తీసుకుంటే ఇది తేటపడుతుంది. 2025 వరకు అమల్లో ఉన్న 1952 గనుల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, వేతనంతో కూడిన సెలవు లెక్కలో ఏడాది సర్వీసు పూర్తయినట్టు చూడాలంటే భూగర్భంలో పనిచేసేవారికి 190, మిగతావారికి 240 మస్టర్లు (హాజరులు) ఉండాల్సి వచ్చేది. ఇలాంటి లెక్కకు మూడు షిఫ్టుల హాజరంతా మనిషివారీగా కూడి, వరసలో పెట్టాలి.

ఈ లెక్క పోస్ట్‌గ్రెస్‌లో నడుస్తోందనుకుంటే, 'వర్క్ మెమ్' అనే మెమరీ పరిమితి మామూలుగా 4 ఎంబీ. రిపోర్టు నెమ్మదించిందని దాన్ని 256కి పెంచుతారు. ఆ పరిమితి క్వెరీ మొత్తానికి కాదు. ప్రతి ప్రాసెస్‌లోని ప్రతి సార్ట్‌కూ, ప్రతి హాష్‌కూ విడివిడిగా వర్తిస్తుంది. 15వ వెర్షన్ నుంచి హాష్‌కు దానికి రెట్టింపు దక్కుతుంది. ఒక సార్ట్, ఒక హాష్ కలిస్తే 768 ఎంబీ. నలుగురు వర్కర్లు, లీడర్‌తో కలిపి ఐదు ప్రాసెస్‌లు: 3,840 ఎంబీ. ఆర్‌జీ-1, 2, 3 (రామగుండం ఏరియా) ఆఫీసులు ఒకేసారి రిపోర్టు తీస్తే పదకొండు జీబీ దాటవచ్చు.

ఎర్రర్ మాటలు జాగ్రత్తగా చదవాలి. 'అవుట్ ఆఫ్ మెమరీ' అని వస్తే ఆ ప్రాసెస్ అడిగిన మెమరీని ఆపరేటింగ్ సిస్టమ్ ఇవ్వలేదని అర్థం. 'షేర్డ్ మెమరీ సెగ్మెంట్' పేరుతో 'నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్' వస్తే చాలామంది హార్డ్‌డిస్క్ ఖాళీ చేయబోతారు. అది వృథా శ్రమ. నిండింది వర్కర్లు పంచుకునే షేర్డ్ మెమరీ. డాకర్‌లో దానికి మామూలుగా 64 ఎంబీయే ఇస్తారు. కంటెయినర్ మొదలుపెట్టేటప్పుడే దాన్ని పెంచాలి. లాగ్‌లో 'సిగ్నల్ 9' కనిపిస్తే చాలావరకు కెర్నలే ప్రాసెస్‌ను చంపి ఉంటుంది. అన్నిటికన్నా చెడ్డది ఇదే: సర్వర్ అందరి సెషన్లనూ తెంచి మళ్లీ లేస్తుంది, ఈ రిపోర్టుతో సంబంధం లేని గుమస్తా పని కూడా మధ్యలో ఆగిపోతుంది.

ఒరాకిల్‌లో 04031 ఎర్రర్ పక్కన 'పీఎక్స్ మెసేజ్ పూల్' అని ఉంటే లార్జ్ పూల్ చూడాలి. 04030 అయితే ప్రాసెస్ సొంత మెమరీని.

పోస్ట్‌గ్రెస్‌లోనైతే ఎర్రర్ చదివిన తర్వాత, రిపోర్టు నడిచే ఆ ఒక్క సెషన్‌లో గ్యాదర్‌కు (వర్కర్ల ఫలితాలను పోగుచేసే దశకు) వర్కర్ల సంఖ్యను సున్నా చేసి అదే క్వెరీ నడపాలి. సాఫీగా పూర్తయితే దోషం సమాంతర పనిలో ఉన్నట్టే. 'ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్'లో అంచనా వరసలకూ అసలు వరసలకూ పొంతన లేకపోతే ముందు 'అనలైజ్' నడిపి గణాంకాలు తాజా చేయాలి. పెంచిన వర్క్ మెమ్‌ను సర్వర్ అంతటికీ కాక ఆ రిపోర్టు సెషన్‌కే పరిమితం చేసి, మూడు ఆఫీసుల రిపోర్టులూ ఒకదాని తర్వాత ఒకటి నడపాలి. లినక్స్‌లో ఉన్నదానికి మించి మెమరీ ఇవ్వడాన్ని నియంత్రించే ఓవర్‌కమిట్ సెట్టింగ్‌ను 2కి మారిస్తే మెమరీ చాలనప్పుడు చాలావరకు ఆ క్వెరీ ఒక్కటే ఎర్రర్‌తో ఆగుతుంది, మిగతా సెషన్లు నడుస్తూనే ఉంటాయి.