నోత్రదామ్ బూడిదను ఎత్తిన చేతులు

2019 ఏప్రిల్ 15 సాయంత్రం పారిస్‌లో నోత్రదామ్ చర్చి తగలబడుతుంటే లోకమంతా టీవీలకు అతుక్కుపోయింది. శిఖరం విరిగి పడుతుంటే అయ్యో అంది. ఆ మంట ఒక్క రాత్రిది. అది మిగిల్చిన దాన్ని ఎత్తి, భవనాన్ని ఒక దారికి తేవడానికి రెండేళ్ళకు పైగా పట్టింది. నా మటుకు నాకు ఆ రెండేళ్ళ పనే తీరిగ్గా చూడదగ్గది.

అక్కడ కాలిందేమిటో ముందు తెలియాలి. రాతి కమాను కప్పు మీద ఓక్ దుంగల చట్రం. చాలా మటుకు మధ్యయుగాల నాటిది. ఆ చట్రం మీద సీసపు రేకులు. కప్పుకూ శిఖరానికీ కలిపి 400 టన్నులకు పైగా సీసం. అది 327 డిగ్రీలకే కరిగిపోతుంది. ఎండి ఎండి ఉన్న ఓక్ మంట ముందు ఎంతసేపు నిలుస్తుంది? కొంత కరిగి కారి, దొరికిన చోటల్లా గడ్డకట్టింది. కొంత సన్నని ధూళై గోడల మీద, ఆర్గన్ గొట్టాల్లో, చుట్టుపక్కల వీధుల్లో వాలింది. ఆ ధూళికి వాసన లేదు, ఒంటి మీద పడితే మంట లేదు. గోళ్ళ సందుల్లోనో జుట్టులోనో చేరి, తిండితో పాటు కడుపులోకి పోతుంది. పసిపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది.

విషమే కదా అని పారలతో ఎత్తి లారీల్లో పోయడానికి లేదు. ఎనిమిది వందల ఏళ్ళ నాటి దుంగలు, కమాను రాళ్ళు, ఇనుప కొక్కేలు అదే కుప్పలో ఉన్నాయి. ముట్టుకుంటే ప్రమాదం, పారేస్తే చరిత్ర పోతుంది. అక్కడి పద్ధతులన్నీ ఈ చిక్కులోంచి పుట్టినవే.

కమాను కప్పుకు మూడు చోట్ల పెద్ద బొక్కలు పడ్డాయి. మిగిలింది ఎప్పుడు కూలుతుందో చెప్పలేరు కాబట్టి దాని కింద మనిషి నిలబడకూడదు. దూరం నుంచి నడిపే యంత్రాలను లోపలికి పంపారు. నేలను గళ్ళుగా విభజించి, పై నుంచి ఫొటోలు తీసి, ఏ దుంగ ఏ గడిలో దొరికిందో రాసుకుంటూ ఒక్కొక్కటే బయటికి తెచ్చారు. బయట పురావస్తు నిపుణులు చెక్క, రాయి, లోహం వేరు చేశారు. అగ్నిప్రమాద స్థలాన్ని తవ్వకాల స్థలంలా చూడటమన్నమాట. ఆ ఓపిక వృథా పోలేదు. రాళ్ళను పట్టి ఉంచిన ఇనుప కొక్కేలను పరీక్షించి, 1160ల నాటికే కట్టుబడిలో ఇనుమును విరివిగా వాడారని 2023లో పరిశోధకులు తేల్చారు. చర్చి చెక్కుచెదరకుండా ఉన్నంత కాలం ఆ కొక్కేలను అంత దగ్గరగా చూసే వీలే లేదు.

అన్నిటికంటే గడ్డు పని పరంజా. శిఖరం మరమ్మతు కోసం కట్టిన ఆ పరంజా శిఖరం కూలినా కూలలేదు. వేడికి మెలితిరిగి, గొట్టానికి గొట్టం అతుక్కుని అలాగే నిలిచిపోయింది. దాదాపు 40,000 ముక్కలు, 200 టన్నుల బరువు, అందులో సగం 40 మీటర్లకు పైన. బరువు మోస్తున్న కొమ్మను కోసిన వాళ్ళకు తెలుసు, గాటు మూసుకుని రంపం ఎలా బిగుసుకుపోతుందో, తెగిన మరుక్షణం కొమ్మ ఎటు తంతుందో. ఇక్కడ ప్రతి గొట్టమూ అలాంటి కొమ్మే. ఒకటి తీస్తే దాని బరువు పక్కవాటి మీద పడుతుంది. అందుకని కోతకు ముందే చాలా పని జరిగింది. బండి చక్రానికి ఇనుప పట్టా బిగించినట్టు, పరంజా చుట్టూ మూడు ఎత్తుల్లో ఉక్కు దూలాలు బిగించారు. కదలికలు కనిపెట్టే పరికరాలు అమర్చారు. పక్కనే కొత్త పరంజా లేపారు. 80 మీటర్ల క్రేన్ నిలబెట్టారు.

2020 జూన్ 8న కోత మొదలైంది. అయిదుగురేసి మనుషులు రెండు జట్లుగా వంతులు మార్చుకుంటూ తాళ్ళ మీద పై నుంచి దిగారు. చేతిలో ముందుకీ వెనక్కీ ఆడే కరెంటు రంపం. కాలికింద నేల లేదు, ఒంటి బరువంతా నడుముకు కట్టిన తాడు మీదే. అలా వేలాడుతూ మాడిన గొట్టాలను కోసి, క్రేన్‌తో పైకి ఎత్తించారు. ఫ్రాన్సులో వీళ్ళను ఉడుతలు అన్నారు. ఆ మాట వింటే మనకు వారధి కట్టిన రోజుల ఉడత గుర్తుకు రాకుండా ఉంటుందా! నవంబర్ 24న చివరి ముక్క దిగింది.

ఈ సాహసం పక్కన రోజూ జరిగిన మరో పనిని ఎవరూ అంతగా చెప్పుకోరు. సీసం భయంతో 2019 జూలైలో పని ఆపేసి, ఆగస్టులో కొత్త కట్టుదిట్టాలతో మళ్ళీ మొదలుపెట్టారు. పనివాళ్ళు తమ బట్టలన్నీ, లోదుస్తులతో సహా, విప్పి ఒక పక్క పెట్టాలి. వాడి పారేసే దుస్తులు తొడుక్కుని, ముసుగు పెట్టుకుని లోపలికి వెళ్ళాలి. రెండున్నర గంటలకు ఒక విరామం. బయటికి రాగానే తొడుక్కున్నది అక్కడే విడిచి, తలస్నానం చేసి, అప్పుడే శుభ్రమైన వైపుకు దాటాలి. మధ్యాహ్నం భోజనానికి వచ్చినా ఇంతే, సాయంత్రం ఇంటికి వెళ్ళినా ఇంతే. మురికి వైపుకూ శుభ్రమైన వైపుకూ మధ్య దారి ఒక్కటే, అది స్నానాల గది. ఆ ఏర్పాటు ముందు నాకు చేతులు జోడించాలనిపిస్తుంది. ఎవరి పిల్లవాడూ తండ్రి చొక్కా మీది దుమ్మును పీల్చకూడదని ఆలోచించి కట్టిన గది అది.

చివరి వంతు రాళ్ళది. లోపలి గోడలను ముందు సన్నని వడపోత గల యంత్రాలతో పీల్చారు. రాతి రంధ్రాల్లో కూరుకున్నది అప్పటికీ మిగిలే ఉంటుంది. నీళ్ళు పోసి రుద్దితే ఇంకా లోపలికి దిగుతుంది. అందుకని గోడ మీద రబ్బరు పాల లాంటి లేటెక్స్ పూత పట్టించారు. అది ఆరేటప్పుడు మురికిని తనలోకి పట్టుకుంటుంది. 2020లో ముందు రెండు చిన్న ఉపగృహాల్లో ప్రయత్నించి చూశారు. ఆరిన పూత అంచును వేళ్ళతో పట్టుకుని లాగితే, చేతి మీద ఆరిన జిగురు ఊడినట్టు తెరలు తెరలుగా వస్తుంది. తెర వెనక నల్లటి మసి, దానితో పాటు సీసపు ధూళి. ఒలిచిన మేర రాయి లేత గోధుమ రంగులో బయటపడింది; ఆ పక్కనే, ఇంకా ఒలవని చోట, కొన్ని తరాల దీపాల పొగ మరకలు అలాగే ఉన్నాయి.