బొమ్మ నోట మన మాట

పెద్దలు పిలిస్తే పలకని పిల్లవాడు టీవీలో బొమ్మ ఏదైనా అడిగితే ఠక్కున బదులిస్తాడు. 1969లో అమెరికాలో మొదలైన ‘సెసమీ స్ట్రీట్’ బలమంతా అక్కడే ఉంది. 2006లో అది ‘గలీ గలీ సిమ్ సిమ్’గా మన దేశానికీ వచ్చింది. అందులో చమ్కీ స్కూలు యూనిఫాం వేసుకున్న ఐదేళ్ల పాప. ఆ పిల్ల పాఠం చెప్పదు, ప్రశ్నలు అడుగుతుంది.

ఆ బొమ్మల్ని ఆడించేవాళ్ల కష్టం తెరమీద కనబడదు. కెమెరాకు చిక్కకుండా కిందే ఉండి, చెయ్యి తలపైకెత్తి, కళ్లు మానిటర్‌కు అప్పగించి ఆడించాలి. ‘సెసమీ స్ట్రీట్’లోని పక్షి ‘బిగ్ బర్డ్’ను కెరోల్ స్పిన్నీ దాదాపు యాభై ఏళ్లు ఆడించాడు. కుడిచెయ్యి పక్షి తలలో, ఎడమచెయ్యి రెక్కలో ఉండేవి. బయటి లోకం చూడటానికి ఛాతీకి చిన్న టీవీ కట్టుకునేవాడు.

అసలు విద్య నోటిలో ఉంది. కొత్తగా నేర్చుకునేవారు మాట మాటకూ పై నాలుగు వేళ్లూ ఎత్తుతారు, దాంతో బొమ్మ తల ఎగిరెగిరి పడుతుంది. చెయ్యి తిరిగినవారు బొటనవేలిని కిందికి దించుతారు, అప్పుడు దవడ కదిలినట్టుంటుంది. అచ్చు దగ్గర నోరు తెరుచుకోవాలి, ప, మ దగ్గర మూసుకోవాలి. ‘ఏమప్పా’ అనిపించి చూడండి. మూడుసార్లు తెరవాలి, మధ్యలో రెండుసార్లు మూయాలి. మన మాటలు చాలావరకు అచ్చుతోనే ముగుస్తాయి కనుక చివర్లో నోరు తొందరపడి మూసేస్తే మాట తెగిపోయినట్టుంటుంది.

ఈ విద్యకు మన దగ్గర పాత చుట్టముంది. తోలుబొమ్మలాటలో నిలువెత్తు రాముణ్ణి, రావణుణ్ణి నడుమ ఒక బద్ద, చేతులకు రెండు పుల్లలు పట్టి ఆడిస్తారు. ఆడించేవారే పాడతారు, యుద్ధం వచ్చిందంటే కాలికింది చెక్కను దడదడలాడిస్తారు. కానీ పిల్లలు ఎదురుచూసేది కేతిగాడి కోసం, బంగారక్క కోసం. రాముడు గ్రంథభాషలో పద్యం పాడుతుంటే ఈ ఇద్దరూ ఊరి యాసలో అడ్డుతగులుతారు. తెలియనిది తెలియదంటారు, అడగకూడనిదీ అడుగుతారు. సరిహద్దు దాటితే కన్నడంలో కిళ్లెక్యాతుడు కూడా ఇలాంటివాడే. అక్కడ బొమ్మలాడించే కులానికే ఆ పేరు పడింది. బడి టీవీకి కావలసిన పాత్ర వీళ్లలో ఎప్పుడో తయారైవుందని నా నమ్మకం.

కర్ణాటక సరిహద్దు దగ్గరి ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల పిల్లలకు ఆ పాత్ర అవసరం ఇంకా ఎక్కువ. అక్కడి తెలుగులో కన్నడం కలిసిపోయి ఉంటుంది, ఆదోని బజారులో ఉర్దూ కూడా చేరుతుంది. బడి పుస్తకంలోని తెలుగు వేరు. పైగా వానలు మొహం చాటేసిన ఏడు ఇల్లిల్లూ సుగ్గికి, అంటే వలస కూలికి బయలుదేరుతుంది, గుంటూరు వైపు మిరప కోతలకు. వెంట వెళ్లిన పిల్లలకు బడి తెగిపోతుంది. అవ్వాతాతల దగ్గర మిగిలిన పిల్లలకు ఇంట్లో పాఠం అడిగేవారుండరు. ‘యాడికి పోయింటివప్పా ఇన్నినాళ్లు?’ అని వాళ్ల యాసలోనే ఒక బొమ్మ పలకరిస్తే తిరిగొచ్చిన పిల్ల నోరు విప్పుతుంది. తప్పు చెప్పినా భయం లేదు, బొమ్మకు అంతకన్నా తక్కువ తెలుసు మరి!

దీనికి స్టూడియో కోసం ఆగక్కర్లేదు. హైదరాబాదులోని సాంస్కృతిక వనరులు, శిక్షణ కేంద్రం (సీసీఆర్‌టీ) చదువులో బొమ్మలాట వాడకంపై టీచర్లకు శిక్షణ ఇస్తోంది. పాత మేజోడుకు రెండు గుండీలు కుట్టినా బొమ్మ అవుతుంది. కుట్టేటప్పుడు ఆ రెండు కళ్లనూ కాస్త ముక్కువైపు జరపాలి, లేకపోతే బొమ్మ చూపు పిల్లల మీద నిలవదు.