కొర్రమీనుకు గాలం

చెరువు నిండితే చేపలకేం కొదవ అని కొత్తగా గాలం పట్టినవాళ్లు అనుకుంటారు. బొచ్చె, రవ్వు సంగతేమో గానీ కొర్రమీను దగ్గర ఆ లెక్క చెల్లదు. మత్తడి దుంకుతున్న చెరువులో అది ఏ తుంగలో దూరిందో, ఏ కాలువ ఎదురెక్కి ఎవరి వరిమడిలో చేరిందో చెప్పలేం. నీళ్లు ఇంకి, తూము ముందర మడుగొకటి, దాని అంచున తామరా తుంగా మిగిలిన రోజుల్లోనే జాడ దొరుకుతుంది. తెలంగాణ చెరువుల మీద మార్చి నుంచి రోహిణి కార్తె దాకా, ఎండలు ముదిరేకొద్దీ గాలపుకర్రకు పని పెరుగుతుంది.

జాడ పట్టించేది దాని ఊపిరే. కొర్రమీనుకు మొప్పలొక్కటే చాలవు. తలలో మొప్పలకు పైన గాలి పట్టే అర ఉంటుంది. కొన్ని నిమిషాలకోసారి పైకొచ్చి నోటితో గాలి మింగి పోవాలి. రానివ్వకుండా అడ్డుపెడితే నీళ్లలోనే ఊపిరాడక చస్తుంది. అందుకని చెయ్యి తిరిగినవాళ్లు గట్టెక్కగానే దారం విప్పరు. బీడీ కాలేంతసేపు ఊరికే కూర్చుని నీళ్లు చూస్తారు. తుంగ పక్కన ‘గుళుక్’మని చిన్న చప్పుడు, ఓ చిన్న సుడి, వెనకాలే రెండు మూడు బుడగలు. కాసేపటికి అలాంటిదే మరోటి ఇంకో రెండు బారల దూరాన లేస్తే, చేప ఎటు నడుస్తోందో తెలిసిపోయినట్టే. గాలం దాని మీద కాదు, దాని దారిలో పడాలి.

ఈ విద్య ఇంకా బతికి ఉండడానికి వల కూడా ఒక కారణం. వేసవిలో చేపల సొసైటీవాళ్లు చెరువులో వల లాగితే బొచ్చెలూ రవ్వులూ కుప్పలుగా పడతాయి. కొర్రమీను మాత్రం అలికిడి వినగానే బురదలో దూరి, వల మీదుగా సాగిపోయాక మెల్లగా లేస్తుంది. చెరువు అడుగంటినా బురదలో తడి ఉన్నన్నాళ్లు ప్రాణం నిలుపుకుంటుంది. అలాంటిదాన్ని రప్పించాలంటే దానికి ఆకలి ఎప్పుడు పుడుతుందో తెలియాలి.

వేసవిలో ఆ ఆకలి తెల్లారగట్లా, పొద్దు వాలాకా ఉంటుంది. మిట్టమధ్యాహ్నం అది తామరాకుల నీడకు చేరి, ముక్కు దగ్గరకు వచ్చినదాన్ని తప్ప ముట్టుకోదు. చలికాలం సంగతి వేరు. చేప ఒంటి వేడి నీటిని బట్టి ఉంటుంది కాబట్టి పుష్యమాసపు పొద్దున దానికి కదలబుద్ధి కాదు. ఎండ ఎక్కి గట్టు వార నీళ్లు గోరువెచ్చనయ్యాక వెళితే చాలు. అప్పుడు కూడా పెద్ద ఎర వద్దు, తొందర అసలే వద్దు. గుచ్చిన ఎర్రను ఒకేచోట చాలాసేపు ఉంచాలి.

ఎర విషయంలో కొర్రమీనుకు తవుడు ముద్దలూ వేరుశనగ చెక్కా ఏమీ పట్టవు. అవి రవ్వు తిండి. దీనికి ప్రాణమున్నది, కదిలేది కావాలి. నీళ్లు తేటగా ఉంటే పరిగె పిల్లో మిడతో కంటికి ఆనుతుంది. వాన నీటికి చెరువు ఎర్రబారితే కన్ను పనిచేయదు, వాసన పనిచేస్తుంది. అప్పుడు వానపామో, రొయ్యో గుచ్చాలి. వానపాముతో చిక్కేమిటంటే అసలు చేప కంటే ముందు జెల్లలూ మట్టగిడసలూ వచ్చి ఖాళీ చేసిపోతాయి. జీలుగు బెండు అదేపనిగా వణుకుతూ ఉంటే అది వాటి పనే. కొర్రమీను పట్టినప్పుడు బెండు వణకదు, మాయమవుతుంది. జీలుగు బెండు ఇప్పుడెక్కడిదంటారా, అరిగిన హవాయి చెప్పు ముక్క కూడా బాగానే తేలుతుంది.

అన్నిటికన్నా పేరున్న ఎర కప్ప. బతికిన కప్పను గుచ్చి నీటి మీద ఆడించడం పాత పద్ధతి. పొలంలో పురుగును తినే కప్పను అలా హింసించడం నాకు నచ్చదు. దుకాణాల్లో రబ్బరు కప్పలు దొరుకుతున్నాయి, ముళ్లు వీపుకు ఆనుకుని ఉండడం వల్ల తుంగకు తగులుకోవు కూడా. దాన్ని తామరాకు మీదికే విసరాలి. ఆకు మీద కాస్త జరిపి, ఆపి, ఆకుల మధ్య సందులో టపుక్కున జారవిడవాలి. మళ్లీ ఆపాలి. ‘ధబ్’మని నీళ్లు ఎగిరేది ఆ ఆగిన క్షణంలోనే. ఆ చప్పుడుకు గుండె ఝల్లుమని వెంటనే గుంజామా, కప్ప ఒక్కటే ఎగిరొచ్చి మన ముఖాన పడుతుంది. చేప దాన్ని నోట కరుచుకుని లోపలికి దిగాలి, దారం బిగిసి ఓ పక్కకు సాగాలి, అప్పుడు గట్టిగా లాగాలి. దాని దవడ ఎముక గట్టిది, ముల్లు మొద్దుబారితే దిగదు. ఆ తర్వాత సందు ఇచ్చారంటే తామర తూళ్లలో చుట్టుకుపోతుంది, సన్నదారం అక్కడే తెగుతుంది.

తొలకరి పడగానే ఈ ఆటంతా మారాలి, అది చేపలు గుడ్లు పెట్టే కాలం. బొచ్చె, రవ్వు నిలవ నీటిలో గుడ్లు పెట్టవు. అందుకే ఏటా పిల్లలను తెచ్చి వదలాల్సి వస్తోంది. తెలంగాణ ప్రభుత్వం 2016లో ఉచితంగా చేపపిల్లలు పంచడం మొదలుపెట్టింది కూడా అందుకే. రాష్ట్ర చేప అయిన కొర్రమీను మాత్రం తన సంతానాన్ని తానే చూసుకుంటుంది. గడ్డిని తోసి నీటి మీద కొంచెం చోటు చేసుకుంటే పసుపు గుడ్లు అక్కడే తేలుతాయి. ఒకటి రెండు రోజుల్లో అవి పగిలి, కొన్నాళ్లకు ఎర్రటి పిల్లలు గుంపుగా నీటి మీదికి రావడం, గాలి మింగి దిగడం కనిపిస్తుంది. కింద తల్లో తండ్రో కాపలా ఉంటుంది. ఆ గుంపులో ఏది పడినా అది ఆకలితో కాదు, కోపంతో వచ్చి కొరుకుతుంది. ఏడాది మొత్తంలో కొర్రమీనును పట్టడానికి ఇంతకంటే సులువైన అదను లేదు, చేతకానివాడికీ పడుతుంది. కాపలా చేప పోయిన పూటే పిల్లలను జెల్లలూ కొంగలూ తినేస్తాయి. ఆ ఎర్రగుంపు మీద గాలం వేసినవాడికి ఈ విద్య వచ్చని నేను ఒప్పుకోను.

చిక్కేమిటంటే మన పండగలు చేప కాలం చూసి రావు. జూన్ మొదటి వారం దాటగానే మృగశిర కార్తె, ఆ రోజు చేప తినాలని ఇంటింటా పట్టుదల. హైదరాబాద్ రాంనగర్ మార్కెట్లో తెల్లవారకముందే సందడి మొదలవుతుంది. నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిని కుటుంబం ఇచ్చే చేప మందుకు కొర్రమీను పిల్లలే కావాలి. వాటికి చెరువుల్లోకి పోనక్కర్లేదు, పెంపకం చెరువుల నుంచి తెప్పించవచ్చు. ఇంటికి తినే చేప రోహిణిలో పట్టిందైతే మరీ మంచిది. ఏ చెరువుకు పోయినా అక్కడి ముదిరాజ్, గంగపుత్రుల సొసైటీని అడిగే గాలం తీయాలి. చేపల మీద హక్కు వాళ్లది.

పట్టిన చేపను తడి గోనెసంచిలో వేస్తే గంటల తరబడి బతికే ఉంటుంది, మార్కెట్లో దానికి ధర పలికేదీ అందుకే. కోసేటప్పుడు జిగురుకు చేతిలో నిలవదు. పొయ్యి బూడిద రాసి రుద్దేవాళ్లు. గ్యాసు పొయ్యిల ఇళ్లలో గళ్లుప్పుతో సరిపెట్టుకోవాలి. వేసవిలో పట్టిందైతే పులుసులో చింతపండు తగ్గించి పచ్చి మామిడికాయ వేయండి, రెండూ ఒకే కాలానివి.