జెండా నొక్కే ముందు

స్క్రాచ్ తెర మీద ఆకుపచ్చ జెండా ఒకటి ఉంటుంది. దాన్ని నొక్కితే ప్రోగ్రాం నడవడం మొదలవుతుంది. పిల్లలకు ఆ జెండా అంటే మహా మోజు. రెండు బ్లాకులు తగిలించారో లేదో చెయ్యి అటే పరుగెడుతుంది. శనివారం మధ్యాహ్నాలు మా ఊరి హైస్కూల్లో నేను నడిపే తరగతికి ఒక్కటే కట్టుబాటు: జెండా నొక్కే ముందు ఏం జరగబోతోందో పక్కనున్నవాళ్లకు పైకి చెప్పాలి. చెప్పాకే నొక్కాలి. కొత్తవాళ్లకు కోడింగ్ నేర్పే పనిలో నాకు చిక్కిన కిటుకంటూ ఉంటే అది ఇదే.

స్క్రాచ్ తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. అమెరికాలోని ఎం.ఐ.టి. మీడియా ల్యాబ్‌లో మిచెల్ రెస్నిక్ బృందం తయారుచేసి, 2007లో లోకానికి ఉచితంగా ఇచ్చిన సాధనమిది. ఇందులో ఆదేశాలు టైప్ చేయక్కర్లేదు. అవన్నీ రంగు రంగుల బ్లాకుల మీద రాసి ఉంటాయి. మౌస్‌తో లాక్కొచ్చి ఒకదాని కింద ఒకటి తగిలించడమే. బొమ్మను కదిలించేవి నీలం, "మళ్లీ మళ్లీ చెయ్యి" (రిపీట్), "ఫలానాది జరిగితేనే చెయ్యి" (ఇఫ్) అనేవి నారింజ. తెరిచీ తెరవగానే ఒక పిల్లి బొమ్మ ఎదురుచూస్తూ ఉంటుంది. దీని మూలాలు 1967 నాటివి. సీమోర్ పాపర్ట్, సింథియా సాలమన్, వాలీ ఫోయర్జీగ్ కలిసి పిల్లల కోసం లోగో అనే భాషను రూపొందించారు. తర్వాత అందులోకి ఒక తాబేలు వచ్చింది. ముందుకు వంద అడుగులు వెయ్యి, కుడికి తొంభై డిగ్రీలు తిరుగు అంటే ఆ పని చేస్తూ వెనకాలే గీత గీస్తుంది. పాపర్ట్ అంతకుముందు జెనీవాలో, పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో జీవితమంతా పరిశీలించిన పియాజే దగ్గర పనిచేశారు. తాబేలు ఉన్నచోట తను ఉన్నట్టు ఊహించుకుంటే పిల్లవాడు జ్యామితిని ఒంటితో ఆలోచించగలడన్నది ఆయన నమ్మకం. ఆ నమ్మకం ఎంత నిజమో నాకు త్రిభుజం నేర్పేటప్పుడు ప్రతిసారీ కనిపిస్తుంది.

దానికి ముందు బ్లాకులు చేసే మేలు గురించి చెప్పాలి. మామూలు ప్రోగ్రామింగ్ భాషల్లో ఒక కామా తప్పినా, ఒక అక్షరం పోయినా ప్రోగ్రాం నడవదు. ఎర్రటి ఇంగ్లీషు వాక్యమొకటి తెర మీదకొస్తుంది. తెలుగు మీడియంలో చదువుకుంటున్న ఏడో తరగతి పిల్లకు ఆ వాక్యం ఏం చెబుతుంది? తనకిది రాదని మాత్రం చెబుతుంది. బ్లాకుల్లో ఆ బెడద లేదు. జెండాతో మొదలయ్యే బ్లాకుకు పైభాగం గుండ్రంగా ఉంటుంది, దాని మీద ఇంకేదీ తగలదు. అవునో కాదో తేల్చే ప్రశ్నల బ్లాకులకు రెండు కొసలూ మొనదేలి ఉంటాయి, అవి ఆ ఆకారపు ఖాళీల్లోనే ఇముడుతాయి. తప్పుగా అతికిద్దామన్నా అతకదు. అంతేకాదు, పిల్లలు తాము సృష్టించే బ్లాకులకూ, లెక్కలు దాచుకునే వేరియబుల్స్‌కూ తెలుగులోనే పేర్లు పెట్టుకోవచ్చు. మా తరగతిలో "పాయింట్లు", "ప్రాణాలు", "ఎగురు" అనే పేర్లు తెర నిండా ఉంటాయి.

అయితే బ్లాకులు తీసేసేది రాతలో తప్పుల్ని. ఆలోచనలో తప్పులు అలాగే ఉంటాయి, ఉండాలి కూడా. నేర్పేవాళ్ల పని మొదలయ్యేది అక్కడే.

త్రిభుజం సంగతే చూడండి. చతురస్రం అందరికీ తేలిగ్గా వస్తుంది: వంద అడుగులు, తొంభై డిగ్రీల మలుపు, నాలుగుసార్లు. ఇప్పుడు సమబాహు త్రిభుజం గీయమంటాను. లెక్కల్లో చురుకైనవాళ్లు వెంటనే 60 వేస్తారు. సమబాహు త్రిభుజంలో ఒక్కో కోణం అరవై అని పుస్తకంలో ఉంది, పరీక్షలో రాశారు, మార్కులు వచ్చాయి. "ఏం వస్తుంది?" అని అడుగుతాను. "త్రిభుజం, మేడం" అంటారు ధైర్యంగా. జెండా నొక్కుతారు. మూడు గీతలు పడతాయి కానీ కొసలు కలవవు. సగానికి కోసిన షడ్భుజిలా నిలుస్తుంది. గది ఒక్కసారిగా సద్దుమణుగుతుంది. ఆ నిశ్శబ్దం నాకెంతో ఇష్టం.

జవాబు నేను చెప్పను. వరండాలోకి తీసుకెళ్లి సుద్దముక్కతో నేల మీద పెద్ద త్రిభుజం గీస్తాను. ఒకరు దాని మీద నడవాలి, ఇంకొకరు ఆదేశాలివ్వాలి. మూల దగ్గరికి రాగానే "ఆగు" అంటాను. ఇటే నేరుగా పోతే ఎక్కడికి పోతావు? గోడ దగ్గరికి. ఇప్పుడు రెండో గీత వైపు తిరగాలంటే ఒంటిని ఎంత తిప్పాలి? ఆ పిల్ల మెల్లగా తిరుగుతుంది. తొంభై దాటుతుంది, ఇంకా తిరుగుతూనే ఉంటుంది. చూస్తున్నవాళ్లలో ఎవరో ఒకరు "నూట ఇరవై!" అని అరుస్తారు. పుస్తకంలో బాహ్యకోణం అని బట్టీపట్టింది ఇక్కడ వాళ్ల కాళ్ల కిందికి వస్తుంది. మూడు మూలలూ కలిపితే ఎంత తిరిగావంటే, ఒక పూర్తి చుట్టు, మూడువందల అరవై. అక్కణ్నుంచి పంచభుజికి 72 అని వాళ్లే పట్టేస్తారు. అయిదు మొనల నక్షత్రానికి 144 ఎందుకో అడిగితే మళ్లీ వరండాలోకి పరుగు. అయిదుసార్లు 144 అంటే 720, అంటే ఒళ్లు రెండు చుట్లు తిరగాలి.

త్రిభుజం ఎలా గీయాలో బోర్డు మీద రాసేసి ఉంటే అయిదు నిమిషాల్లో అందరి తెరల మీదా త్రిభుజాలు వచ్చేవి, 120 ఎందుకన్నది మాత్రం ఎవరికీ తెలిసేది కాదు. ముందే ఊహించి చెప్పినందుకే 60 దగ్గర వాళ్లకు దెబ్బ తగిలింది. ఊహించకుండా జెండా నొక్కిన పిల్లవాడికి ఏ ఫలితం వచ్చినా ఆశ్చర్యం ఉండదు. అంకె మార్చి మళ్లీ నొక్కుతాడు, కలిసేదాకా మారుస్తూనే ఉంటాడు, కలిశాక ముందుకు వెళ్లిపోతాడు.

ఇంకో తప్పు ప్రతి బ్యాచ్‌లోనూ వస్తుంది. "కుడి బాణం మీట నొక్కితే పది అడుగులు వెయ్యి" అని బ్లాకు పెడతారు. జెండా నొక్కుతారు, తర్వాత తీరిగ్గా మీట నొక్కుతారు. పిల్లి కదలదు. "మేడం, కీబోర్డు పాడైంది." పాడవలేదు. మీట నొక్కారా అని ప్రోగ్రాం ఒక్కసారే చూసింది, జెండా నొక్కిన ఆ రెప్పపాటులో. నొక్కలేదు కాబట్టి తన పని అయిపోయిందనుకుంది. ఎప్పుడూ చూస్తూ ఉండమని చెప్పాలంటే ఆ ప్రశ్నను "ఫరెవర్" బ్లాకు పొట్టలో పెట్టాలి. యంత్రానికి మన మనసులో మాట తెలియదనీ, చెప్పినంతే చేస్తుందనీ వందసార్లు చెప్పినా ఎక్కనిది ఈ ఒక్క తప్పుతో ఎక్కుతుంది.

ఇక డిజైన్ గురించి. బ్లాకుల్లో ఒక నిజమైన ప్రమాదం ఉంది, దాన్ని దాచకూడదు. ఇజ్రాయెల్‌కు చెందిన మీర్‌బామ్-సాలంట్, ఆర్మోనీ, బెన్-ఆరి అనే పరిశోధకులు 2011లో స్క్రాచ్ నేర్చుకునే పిల్లల అలవాట్ల మీద ఒక పత్రం ప్రచురించారు. ఏం చేయాలో ముందుగా ఆలోచించకుండా, పనికొస్తాయనిపించిన బ్లాకులన్నీ లాగి పడేసి తర్వాత అతికించుకోవడం, ఒకే పనిని ముక్కలు ముక్కలు చేసి చెల్లాచెదురుగా పెట్టడం వాళ్ల కంటపడింది. నేనూ ఇదే చూస్తున్నాను. అందుకే ఆట తయారుచేసే రోజున మొదటి అరగంట కంప్యూటర్లు ఆపేసి ఉంటాయి, కాగితాలు మాత్రమే ఇస్తాను.

మామిడికాయలు పై నుంచి రాలుతుంటే బుట్టతో పట్టే ఆట అనుకుందాం. ఎవరెవరున్నారు? కాయ, బుట్ట. బుట్ట ఎవరి మాట వింటుంది? బాణం మీటల మాట. కాయ ఎక్కడ పుడుతుంది? పైన, ప్రతిసారీ వేరే చోట. స్క్రాచ్ వేదిక వెడల్పు 480, ఎత్తు 360, నట్టనడుమ సున్నా. అంటే కాయ అడ్డంగా -240 నుంచి 240 లోపు ఎక్కడైనా పుట్టవచ్చు. రుణ సంఖ్యలు తెలియని పిల్లలకు అవి ఇక్కడ, ఎడమచేతి వైపు, సహజంగా పరిచయమవుతాయి. కాయ బుట్టను తాకితే ఏమవాలి? నేలను తాకితే? ఆట ఎప్పుడు ముగియాలి? ఇవన్నీ తెలుగులో, వాక్యాలుగా కాగితం మీద రాయాలి. ఒక వాక్యం రాయలేకపోయారంటే ఆ బ్లాకు కూడా పెట్టలేరు. రాసిన వాక్యాలను బ్లాకులుగా మార్చడానికి తర్వాత ఎంతోసేపు పట్టదు.

అయినా ఒకటి మరిచిపోతారు. రెండోసారి ఆడదామని జెండా నొక్కితే ఆట మొదలవకముందే పాయింట్లు కనిపిస్తాయి. పోయినసారి అంకె అలాగే ఉండిపోయింది. మొదట్లోనే సున్నా చేయాలని కాగితం మీదికి వెనక్కి వెళ్లి రాసుకుంటారు. పెద్ద కంపెనీల్లో ఇంజనీర్లు చేసే పనీ ఇదే. నేను దీన్ని పిల్లల ఆట అనుకోను.

కంప్యూటర్లు తక్కువ కాబట్టి ఒక్కో దాని ముందు ఇద్దరిని కూర్చోబెడతాను. ఇది సర్దుబాటు అని చాలామంది అనుకుంటారు. నాకు రేపు ఇరవై కంప్యూటర్లు ఇచ్చినా ఇద్దరినే కూర్చోబెడతాను. ఒకరి చేతిలో మౌస్, ఒకరి చేతిలో కాగితం, కాసేపటికి మార్పిడి. కాగితం పట్టుకున్నవాళ్లు చెప్పాలి, మౌస్ పట్టుకున్నవాళ్లు ఎందుకని అడగాలి. నేర్పేవాళ్లు మాత్రం ఆ మౌస్ ముట్టుకోకూడదు. పిల్ల చేతిలోంచి మౌస్ తీసుకుని "ఇలా" అని చేసి చూపించిన టీచరు ఆ పిల్ల సమస్యను ఎత్తుకుపోయినట్టే.

మా తరగతిలో అందరికన్నా ముందుండేది తరచూ ఇంటి ముందు ముగ్గు వేసే పిల్లలు. చతురస్రం గీసే బ్లాకుల్ని ఇంకో "రిపీట్"లో పెట్టి, ఒక్కోసారి పది డిగ్రీలు తిప్పుతూ ముప్ఫై ఆరుసార్లు నడిపితే తెర మీద పువ్వు విరుస్తుంది. ఒక చిన్న నమూనాను తిప్పుతూ పేర్చుకుంటూ పోవడం వాళ్ల వేళ్లకు తెలిసిన విద్యే. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీకి చెందిన గిఫ్ట్ సిరోమనీ, రాణీ సిరోమనీ, కమలా కృతివాసన్‌తో కలిసి తమిళ ముంగిళ్లలోని ముగ్గులను, అంటే కోలాలను, కంప్యూటర్ శాస్త్రపు వ్యాకరణాలతో వర్ణిస్తూ 1974లోనే పరిశోధనా పత్రం ప్రచురించారు. చుక్కల ముగ్గు వేసే ప్రతి అమ్మాయీ నిబంధనలను పునరావృతం చేస్తూ ఒక రూపాన్ని పుట్టిస్తోంది. ఆ సంగతి ఆమెకు ఎవరైనా చెప్పాలి.

తల్లిదండ్రులు అడిగే ప్రశ్న ఒకటే: "ఇవన్నీ బొమ్మలాటలే కదండీ, పైథాన్ ఎప్పుడు నేర్పుతారు?" హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో సీఎస్50 అనే ప్రసిద్ధ కోర్సు స్క్రాచ్‌తోనే మొదలవుతుందని వాళ్లకు చెబుతాను. రిపీట్, ఇఫ్, వేరియబుల్ రేపు టైప్ చేసి రాసే పైథాన్ భాషలోనూ ఉంటాయి, రాసే తీరే మారుతుంది. బ్లాకులు తెర మీద పట్టక, లాగి లాగి చెయ్యి నొప్పెట్టి, టైప్ చేస్తే త్వరగా అయిపోతుంది కదా అని పిల్ల తనంతట తాను అడిగిన రోజున టైపింగ్ మొదలుపెట్టవచ్చు. అంతకుముందు తొందరపెడితే నేర్చుకునేది భయమే. ఆరేళ్ల పిల్లాడు యాప్ చేసి కోటీశ్వరుడైపోతాడని ఆశపెట్టే ప్రకటనలను నమ్మకండి.

2020 జాతీయ విద్యా విధానం ఆరో తరగతి నుంచి ఎనిమిదో తరగతి దాకా కోడింగ్ కృత్యాలు ఉండాలంది. అందుకు కొత్త భవనాలు అక్కర్లేదు. స్క్రాచ్‌ను పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ఇంటర్నెట్ లేని కంప్యూటర్లో ఎక్కించుకోవచ్చు. యంత్రాలు మరీ పాతవైతే 1.4 అనే పాత వెర్షన్ నడుస్తుంది. బ్లాకుల ఆకారంలో అట్టముక్కలు కత్తిరించి రంగులేస్తే కరెంటు పోయిన రోజున కూడా పాఠం ఆగదు. ప్రధానోపాధ్యాయులకు నా మనవి ఒకటే. కంప్యూటర్లు పాడవుతాయని ల్యాబ్‌కు తాళం వేయకండి. వారానికి ఒక మధ్యాహ్నం తలుపు తీసి పిల్లల్ని ఇద్దరిద్దరిగా కూర్చోబెట్టండి.